పెద్దయిన బిడ్డకు ఏ ఏర్పాటు మేలు? బుద్ధిమాంద్యం ఉన్నవారి తల్లిదండ్రులకు నాలుగు దారుల పోలిక

స్పెషల్ స్కూలు చదువు పద్దెనిమిదేళ్లకు అటూ ఇటుగా ముగుస్తుంది. ఆ తర్వాత బిడ్డ రోజంతా ఇంట్లోనే ఉండిపోవడం, బిడ్డ కోసం తల్లి కూడా గడప దాటకపోవడం మన ఊళ్లలో మామూలుగా జరుగుతున్నదే. తల్లికి మోకాళ్ల నొప్పులు మొదలై, తండ్రి రిటైరై, కొడుకో కూతురో ముప్ఫయ్యో పడిలో పడేసరికి ఆ ఇంట్లో అందరి మనసులోనూ ఒకటే ప్రశ్న ఉంటుంది: మా తర్వాత వీణ్ని ఎవరు చూస్తారు? బంధువుల దగ్గర సమాధానాలకు కొదవ ఉండదు. ఇంట్లోనే ఉంచుకోమనేవారు, అన్నయ్య ఉన్నాడుగా అనేవారు, ఏదైనా ఆశ్రమంలో చేర్చమనేవారు, పెళ్లి చేస్తే అంతా సర్దుకుంటుందనేవారు అందరూ ఉంటారు. ఈ మధ్య వీటి పక్కన, కొద్దిమంది సంరక్షకులతో కలిసి ఒకే ఇంట్లో ఉండే గ్రూప్ హోమ్ అనే మాట కూడా వినబడుతోంది.

వీటిలో పెళ్లిని నేను పోలికలోకే తీసుకోవడం లేదు. సేవ చేయడానికి మనిషి కావాలని చెప్పి తెచ్చుకుంటే ఆమెకు జీతం ఇవ్వాలి. చెప్పకుండా కోడలిగా తెచ్చుకుంటే అది మోసం. మానసిక స్థితి కారణంగా సరైన సమ్మతి ఇవ్వలేని వ్యక్తి పెళ్లిని రద్దు చేయించుకునే వీలును హిందూ వివాహ చట్టమే కల్పిస్తోంది. తేలికపాటి వైకల్యం ఉండి, తోడు కావాలని తానుగా కోరుకునే వారి సంగతి వేరు. దానికీ సంరక్షణ ఏర్పాటుకూ ముడిపెట్టకూడదు.

మిగిలిన నాలుగు దారులనూ ఒకే కొలతలతో చూడటం ఈ వ్యాసం పని. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పడం మంచిది: ఏ ఏర్పాటైనా తల్లిదండ్రులు బతికి ఉండగా, వాళ్ల కళ్ల ముందు కొన్నేళ్లు నడిచి చూపించాలి. అంత్యక్రియలైన వారానికి మొదలయ్యే ఏర్పాటు కాగితం మీద ఎంత బాగున్నా నమ్మదగింది కాదు.

## ముందుగా చూడవలసినవి

చాలామంది వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టు మీద ఉన్న శాతంతో ఆలోచన మొదలుపెడతారు. పింఛనుకూ పన్ను మినహాయింపుకూ ఆ శాతం అవసరమే కానీ, బిడ్డ ఎక్కడ ఉండాలో తేల్చడానికి అది పెద్దగా పనికిరాదు. ఒకే శాతం ఉన్న ఇద్దరిలో ఒకరు వీధి చివరి కొట్టుకు వెళ్లి పాల ప్యాకెట్టు తేగలరు, మరొకరికి స్నానం దగ్గర నుంచి మరుగుదొడ్డి శుభ్రం వరకు మనిషి కావాలి. కాబట్టి ఒక వారం పాటు గంటగంటకూ ఏ పనికి ఎంత సాయం చేశారో రాసి చూసుకోండి. రాత్రిని విడిగా రాయండి. ఫిట్స్ వచ్చేవారు, నిద్రలో లేచి తిరిగేవారు, పక్క తడిపేవారు ఉన్న ఇంట్లో అసలు బరువు రాత్రిదే. సంస్థల్లో సిబ్బంది పలచబడేదీ రాత్రుళ్లే.

రెండో కొలత, ఇప్పుడు చూసుకుంటున్న మనిషి శరీరం. తల్లి విశ్రాంతిని లెక్కలోకి తేవడం స్వార్థం అనుకునే ఇళ్లు ఇప్పటికీ ఎక్కువే ఉన్నాయి. కానీ డెబ్భై కిలోల కొడుకును లేపి కూర్చోబెట్టే తల్లి నడుము పట్టేస్తే ఆ ఇంట్లో ఏర్పాటు మొత్తం ఆ రోజుతో ఆగిపోతుంది. ఆమె ఏడాదిలో ఎన్ని రోజులు ఊరు వెళ్లగలదు, తన ఆపరేషన్‌కు ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉండగలదు అనేవి ఏర్పాటు బలాన్ని చెప్పే ప్రశ్నలే.

మూడోది ఖర్చు. నేటి నెల ఖర్చును మాత్రమే చూస్తే లెక్క తప్పుతుంది. ధరలు ఏడాదికి 6 శాతం చొప్పున పెరుగుతాయనుకుంటే ఇవాళ నెలకు 20,000 రూపాయలయ్యే సంరక్షణకు 12 ఏళ్ల తర్వాత సుమారు 40,000, 24 ఏళ్ల తర్వాత సుమారు 80,000 కావాలి. బిడ్డకు ఇప్పుడు ముప్ఫై ఏళ్లయితే ఆ రోజులు వస్తాయనే అనుకుని నడుచుకోవాలి.

నాలుగోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, చూసేవాళ్లను ఎవరు చూస్తారన్నది. తనకు జరిగినదాన్ని మాటల్లో చెప్పలేని మనిషి ఎక్కడ ఉన్నా, బయటి నుంచి వచ్చిపోయే మరో కన్ను ఉండాలి. అయిదోది, ఏర్పాటు కుదరకపోతే వెనక్కి రాగలమా అన్నది. ఆరోది బిడ్డ ఇష్టం. మాట రాని బిడ్డకు ఇష్టం ఉండదనుకోవడం పొరపాటు. తిండి, నిద్ర, ఒక మనిషి గదిలోకి రాగానే ముఖంలో వచ్చే మార్పు చాలా చెబుతాయి.

వీటన్నిటికీ వయసు కూడా తోడవుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో థైరాయిడ్ లోపం ఎక్కువ. నలభై, యాభయ్యో పడిలోనే మతిమరుపు వ్యాధి లక్షణాలు చాలామందిలో మొదలవుతాయి. అంటే తల్లీ బిడ్డా ఒకేసారి ముసలివాళ్లయ్యే పరిస్థితి రావచ్చు. పాతికేళ్ల కుర్రవాడికి సరిపోయిన ఏర్పాటు యాభయ్యో ఏట కూడా సరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

## ఒకటో దారి: ఇంట్లోనే, పగటి కేంద్రం తోడుగా

బిడ్డ రాత్రి ఇంట్లో ఉంటూ, పగలు కొన్ని గంటలు డే కేర్ కేంద్రానికో వృత్తి శిక్షణ కేంద్రానికో వెళ్లి రావడం ఈ దారి. బుద్ధిమాంద్యం, ఆటిజం వంటివి ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పగటి సంరక్షణ కేంద్రాల పథకం పేరు వికాస్ (ఇప్పుడు దిశ-కమ్-వికాస్). సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలై ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీగా పేరు మారిన జాతీయ సంస్థ బిడ్డ సామర్థ్యాన్ని అంచనా వేయడానికీ, ఇంట్లో ఎలా నేర్పించాలో తల్లిదండ్రులకు చెప్పడానికీ మన రెండు రాష్ట్రాల వారికి అందుబాటులో ఉన్న పెద్ద దిక్కు. పగటి కేంద్రంలో కాగితపు కవర్లు చేయడం, కొవ్వొత్తులు పోయడం వంటి పనులు చూసి, దీని వల్ల వచ్చే నాలుగు రూపాయలకు ఇంత శ్రమా అని కొందరు తండ్రులు విసుక్కుంటారు. ఆ డబ్బు ముఖ్యం కాదు. పొద్దున స్నానం చేసి, సంచి తగిలించుకుని, ఒక చోటికి బయలుదేరే రోజువారీ క్రమం వల్ల బిడ్డ ప్రవర్తన నిలకడగా ఉంటుంది. ఆ గంటల్లో తల్లి తన పని తాను చేసుకోగలుగుతుంది.

డబ్బు పరంగా ఇది అన్నిటికన్నా చౌక. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 2023 నుంచి 4,016 రూపాయలు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. ముందస్తు వైద్య పరీక్షలు అడగరు, ఆసుపత్రిలో చేరని ఓపీ వైద్యానికీ కొంత మేర ఇస్తారు. వైకల్యం ఉన్నవారికి మామూలు బీమా కంపెనీలు పాలసీ ఇవ్వడానికి వెనకాడే చోట ఇది పెద్ద ఊరట. పాత పన్ను విధానంలో ఉన్న తల్లిదండ్రులకు వైకల్యం ఉన్న బిడ్డ పోషణ కింద (1961 ఆదాయపు పన్ను చట్టంలో 80డీడీ సెక్షన్) 75,000 రూపాయల మినహాయింపు ఉంది. వైకల్యం 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే అది 1,25,000. మధ్యస్థ స్థాయి బుద్ధిమాంద్యానికి 75 శాతం వేసే పద్ధతి కాబట్టి వాళ్ల తల్లిదండ్రులకు మొదటి మొత్తమే వస్తుంది. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే తల్లులకు శిశు సంరక్షణ సెలవు విషయంలో వైకల్యం ఉన్న బిడ్డకు వయో పరిమితి లేదు. బిడ్డను చూసుకునే ఉద్యోగిని సాధారణ బదిలీల నుంచి మినహాయించమని కోరే వీలూ ఉంది. తెలియక వాడుకోని వారే ఎక్కువ.

ఈ దారి మొదటి బలహీనత చాలా పెద్దది: ఇది తల్లిదండ్రుల ఆయుష్షు మీద నిలబడి ఉంటుంది. తల్లి పోయిన రోజున బిడ్డ తల్లినీ, ఇంటినీ, అలవాటైన రోజునూ ఒక్కసారే పోగొట్టుకుంటాడు. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో నడిచి వెళ్లగల దూరంలో పగటి కేంద్రం లేకపోవడం రెండో ఇబ్బంది. అలాంటి చోట జీతానికి మనిషిని పెట్టుకోవడం మిగిలిన మార్గం. మనిషి తరచూ మారడం, ఆడపిల్ల ఉన్న ఇంట్లో భద్రత, మగపిల్లవాడికి మగ సహాయకుడు దొరకకపోవడం అనే మూడు చిక్కులూ అందులో ఉంటాయి.

## రెండో దారి: అన్న, అక్క, చెల్లెలు

"అన్నయ్య చూసుకుంటాడు" అన్న మాటలో పని చేసేది అన్నయ్య కాదు. స్నానం చేయించేది, మందులు వేసేది, పక్క బట్టలు ఉతికేది వదిన. ఆమెను అడగకుండా కొడుకు దగ్గర మాట తీసుకున్న తల్లిదండ్రులు తమ మనశ్శాంతి కోసం ఆ ఇంట్లో రేపటి తగాదాకు పునాది వేస్తున్నారని నేను నిస్సంకోచంగా చెబుతాను. అడగవలసింది ఆమెనే, అడగవలసింది ఆమె వద్దనగలిగే విధంగా. కూతుళ్ల విషయంలో మరో రకం అన్యాయం జరుగుతుంది: తమ్ముణ్ని ప్రాణంగా చూసుకునే అక్కను, అత్తవారింటికి వెళ్లిన పిల్ల అని లెక్కలోకే తీసుకోరు.

తోబుట్టువు ఇష్టంగా ఒప్పుకుంటే ఈ దారికి సాటి లేదు. బిడ్డ అలవాట్లు, భయాలు, ఇష్టమైన కూర, ఏ పాట వేస్తే ఏడుపు ఆపుతాడో పుట్టినప్పటి నుంచి తెలిసిన మనిషి మరొకరు దొరకరు. అయితే ఆ తోబుట్టువు అమెరికాలో ఉంటే లెక్క మారుతుంది. అక్కడ పౌరసత్వం వచ్చిన తర్వాతే తోబుట్టువు కోసం దరఖాస్తు చేయగలరు, ఆ వరుసలో భారతీయుల నిరీక్షణ పదేళ్లకు పైమాటే, పైగా ఆ వ్యక్తి ప్రభుత్వ సాయం మీద ఆధారపడతాడా అన్న పరీక్ష కూడా ఉంటుంది. కాబట్టి "మేం తీసుకెళ్లిపోతాం" అనే మాటను ప్రేమగా వినండి, ప్రణాళికగా రాసుకోకండి. విదేశాల్లో ఉన్నవారు బాగా చేయగలిగింది పర్యవేక్షణ, డబ్బు నిర్వహణ, వారం వారం వీడియో కాల్, ఏడాదికి ఒకసారి స్వయంగా వచ్చి చూడటం.

ఈ దారిలో ఒక ఉచ్చు గురించి వివరంగా చెప్పాలి. "ఇల్లు నీ పేర రాస్తాను, తమ్ముణ్ని చూసుకో" అని గిఫ్టు డీడ్ చేసేస్తారు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007లోని 23వ సెక్షన్ ఉంది కదా, చూడకపోతే రద్దు చేయించవచ్చని ధీమా. కానీ ఆ సెక్షన్ కాపాడేది ఆస్తి రాసిచ్చిన వృద్ధుణ్ని, అదీ తనకు వసతులు చూడాలన్న షరతు మీద రాసిచ్చినప్పుడు. బిడ్డను చూడకపోవడం దాని పరిధిలోకి రాదు. అదీగాక తల్లిదండ్రులు పోయాక ఆ ఫిర్యాదు చేసేవారే ఉండరు. ఆస్తినీ సేవనూ ఒకే చేతిలో పెట్టే బదులు, కింద చెప్పబోయే ట్రస్టు పద్ధతిలో విడదీయడం తోబుట్టువుకు కూడా మేలే. డబ్బు కోసమే చూస్తున్నాడన్న అపవాదు అతనికి తప్పుతుంది.

## మూడో దారి: నివాస సంస్థ

జనం ఆశ్రమమనీ హోమ్ అనీ పిలిచే వీటిలో స్థాయిభేదాలు విపరీతం. శిక్షణ పొందిన సిబ్బందితో, పగటి కార్యక్రమాలతో బాగా నడిచేవి ఉన్నాయి. హాలు నిండా మంచాలు వేసి టీవీ పెట్టి వదిలేసేవీ ఉన్నాయి. బిడ్డకు రోజంతా సాయం అవసరమై, తల్లిదండ్రుల్లో ఒకరే మిగిలి, తోబుట్టువులు లేని కుటుంబాలకు చాలాసార్లు ఇదే నిజమైన దారి. బిడ్డను అక్కడ చేర్చిన తల్లిని చుట్టుపక్కలవాళ్లు వదిలించుకుంది అంటారు. నెలకోసారి వెళ్లి గోళ్లు చూసి, బరువు చూసి, వార్డెన్‌తో మాట్లాడి వచ్చే తల్లి ఎవరినీ వదిలించుకున్నట్టు కాదు.

ఎంచుకునేటప్పుడు మొదట కాగితాలు అడగాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ఇలాంటి సంస్థలకు రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం తప్పనిసరి. నేషనల్ ట్రస్టులో నమోదై ఉంటే మరో పర్యవేక్షణ తోడవుతుంది. ఆ తర్వాత రాత్రి ఎంతమంది సిబ్బంది మెలకువగా ఉంటారు, ఆడవారి విభాగంలో ఆడవారే ఉంటారా, ఫిట్స్ మందులు ఎవరు ఇస్తారు, ఇచ్చినట్టు ఎక్కడ రాస్తారు అని అడగాలి. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆగిపోతే ప్రాణాపాయం వచ్చే అవకాశం ఉంది కాబట్టి మందుల రిజిస్టరు చూపించడానికి ఇబ్బందిపడే చోట చేర్చవద్దు. చెప్పకుండా వచ్చి చూడవచ్చా అన్న ప్రశ్నకు వచ్చే సమాధానం బట్టి ఆ సంస్థ గురించి సగం తెలిసిపోతుంది. ఆడపిల్ల విషయంలో గర్భసంచి తీయించుకు రమ్మనే షరతు ఎక్కడైనా ఎదురైతే అక్కడితో ఆ మాట ముగించి లేచి రావాలి. స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా సంతానం కలగకుండా చేసే చికిత్సను అదే 2016 చట్టం నిషేధిస్తోంది.

డబ్బు తీసుకునే పద్ధతి రెండు రకాలు: నెల నెలా ఫీజు, లేదా జీవితకాల సంరక్షణ పేరుతో ఒకేసారి పెద్ద డిపాజిట్. రెండోది తల్లిదండ్రులకు ఎంతో ఊరటగా కనబడుతుంది, ఒక్క సంతకంతో చింత తీరినట్టు. నేనైతే దాన్ని చివరి ఎంపికగానే పెడతాను. సంస్థ నడిపే పెద్దాయన తర్వాత ఎవరు, బిడ్డ అక్కడ ఇమడకపోతే ఎంత తిరిగి ఇస్తారు, జబ్బు ముదిరితే ఉంచుకుంటారా పంపించేస్తారా అన్నవి రాతపూర్వకంగా లేకపోతే, వెనక్కి రాలేని దారిలో ఉన్న డబ్బంతా పెట్టినట్టే.

## నాలుగో దారి: గ్రూప్ హోమ్

మామూలు వీధిలో మామూలు ఇల్లు, అందులో కొద్దిమంది పెద్దవాళ్లు, వాళ్లతో ఉండే ఒకరిద్దరు సంరక్షకులు. పొద్దున పనికో కేంద్రానికో వెళ్లి సాయంత్రం ఇంటికి వస్తారు. కూరగాయలు తరగడం, బట్టలు మడవడం పంచుకుంటారు. సికింద్రాబాద్ ప్రాంతంలో స్వయంకృషి సంస్థ బుద్ధిమాంద్యం ఉన్న మహిళల కోసం ఈ తరహా ఇళ్లు నడిపి, ఇది మన దగ్గర కూడా సాధ్యమేనని చూపించింది. నేషనల్ ట్రస్టు పథకాల్లో సమర్థ్ కొద్దికాలపు బసకూ, ఘరౌందా 18 ఏళ్లు దాటినవారి జీవితకాలపు నీడకూ ఉద్దేశించినవి. సమాజంలో అందరితోపాటు జీవించే హక్కును 2016 చట్టం అయిదో సెక్షన్‌లో గుర్తించింది కూడా.

కాగితం మీద చాలా కొలతల్లో ఇదే ముందుంటుంది. ఇబ్బంది దొరకడంలో ఉంది. ఇలాంటి ఇళ్లు కొన్నే, అవీ పెద్ద నగరాల చుట్టూనే. లేని చోట నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి సొసైటీగా గానీ ట్రస్టుగా గానీ రిజిస్టరు చేయించి తామే మొదలుపెట్టాలి. అద్దెకిచ్చే యజమాని ఒప్పుకోవాలి, ఇరుగుపొరుగు గొడవ పెట్టకూడదు, నెల నెలా సమావేశాలు, లెక్కలు, వంటమనిషి మానేస్తే కొత్త మనిషి. యాభై ఏళ్ల వయసులో ఈ పని చేయగలరు. డెబ్భై ఏళ్లకు మొదలుపెట్టడం కష్టం. కమిటీ నిండా తల్లిదండ్రులే ఉంటే వాళ్లంతా ఇంచుమించు ఒకే దశాబ్దంలో వెళ్లిపోతారు, అందుకే మొదటి రోజు నుంచే తోబుట్టువులనూ బయటివారినీ కమిటీలో కూర్చోబెట్టాలి. 1995 నుంచి తల్లిదండ్రుల సంఘాలను దేశవ్యాప్తంగా ఒక తాటి మీదికి తెస్తున్న పరివార్ సమాఖ్య వంటి వాటితో ముందే పరిచయం పెంచుకుంటే అన్నీ మొదటి నుంచీ కనిపెట్టే శ్రమ తగ్గుతుంది. ఫిట్స్ తీవ్రంగా ఉన్నవారికి, తమను తాము కొట్టుకునేవారికి చిన్న గ్రూప్ హోమ్ సిబ్బంది చాలకపోవచ్చు.

## నాలుగూ పక్కపక్కన

| చూడవలసింది | ఇల్లు, పగటి కేంద్రం | తోబుట్టువు ఇల్లు | నివాస సంస్థ | గ్రూప్ హోమ్ |
|---|---|---|---|---|
| ఎక్కువ సాయం కావలసినవారికి | తల్లిదండ్రుల ఓపిక ఉన్నంతవరకు | కష్టం | మంచి సంస్థ అయితే సరిపోతుంది | కొంతవరకే |
| రాత్రి బాధ్యత | తల్లిదండ్రులు | వదిన లేదా అక్క | షిఫ్టు సిబ్బంది | ఇంట్లో ఉండే సంరక్షకులు |
| తల్లికి విశ్రాంతి | పగలు కొన్ని గంటలు | తక్కువ, తర్వాత పూర్తిగా | పూర్తిగా | చాలావరకు |
| ఖర్చు | తక్కువ | తక్కువగా కనబడుతుంది | మధ్యస్థం నుంచి ఎక్కువ | ఎక్కువ, పంచుకోవచ్చు |
| బయటి కన్ను | దాదాపు లేదు | దాదాపు లేదు | కుటుంబం వెళ్తేనే | కమిటీ, తల్లిదండ్రులు |
| వెనక్కి రావడం | తేలిక | మనసులు విరుగుతాయి | డిపాజిట్ కట్టకపోతే తేలిక | తేలిక |
| తల్లిదండ్రుల తర్వాత | ఆగిపోతుంది | కొనసాగవచ్చు | కొనసాగుతుంది | కమిటీ నిలిస్తే కొనసాగుతుంది |

## ఎవరికి ఏది

తల్లిదండ్రులిద్దరూ అరవై లోపు ఉండి, బిడ్డ తన పనులు చాలావరకు చేసుకోగలిగితే ఇప్పటికి ఇల్లు, పగటి కేంద్రం చాలు. అయితే ఈ సంవత్సరాలను నిశ్చింతగా గడపడానికి కాక, గ్రూప్ హోమ్ వెతకడానికీ కట్టుకోవడానికీ వాడుకోవాలి. బిడ్డకు రోజంతా సాయం కావలసి ఉండి, తల్లి ఒక్కతే మిగిలితే ఆలస్యం చేయకుండా నివాస సంస్థలు చూడటం మొదలుపెట్టాలి. ఆమె బలంగా ఉండగా చేర్చితేనే మొదటి రెండేళ్లు ఆమె వెళ్లి చూడగలదు.

చిన్న పట్టణంలో ఉండి, పెద్ద నగరంలోని సంస్థకు వెళ్లాలా అని తటపటాయించేవారు దూరాన్ని ఖర్చు కన్నా ముందు లెక్కించాలి. నెలకోసారి వెళ్లలేనంత దూరంలో ఉన్న గొప్ప సంస్థ కన్నా, బస్సెక్కి గంటన్నరలో చేరగల ఓ మోస్తరు సంస్థే నా ఎంపిక. ఒక్కగానొక్క బిడ్డ అయితే బాబాయి పిల్లలు, మేనత్త పిల్లలు, నమ్మకమైన స్నేహితుడు వీరిలో ఎవరు పర్యవేక్షకులవుతారో ముందు తేల్చుకోవాలి. తోబుట్టువు ఊళ్లోనే ఉన్నా, బిడ్డ గ్రూప్ హోమ్‌లో ఉండి పండగలకు, ఆదివారాలకు అన్న ఇంటికి వచ్చే మిశ్రమ పద్ధతి చాలా కుటుంబాల్లో అందరికీ ఊపిరి ఆడేలా చేస్తుంది. వదినకు రోజువారీ బరువు ఉండదు, బిడ్డకు బంధం తెగదు.

## ఏ దారికైనా కావలసిన కాగితాలు

బిడ్డకు 18 ఏళ్లు నిండాక తల్లిదండ్రులు చట్టం దృష్టిలో వారి తరఫున సంతకం చేయగల సహజ సంరక్షకులు కారు. బ్యాంకులో, ఆసుపత్రిలో, రిజిస్ట్రారు ఆఫీసులో ఈ విషయం తెలిసినప్పుడు చాలామంది నివ్వెరపోతారు. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్టు చట్టం 1999 కింద కలెక్టరు నేతృత్వంలోని స్థానిక స్థాయి కమిటీ సంరక్షకుణ్ని నియమిస్తుంది. కోర్టు అవసరం ఉండదు. ఈ ధ్రువపత్రాన్ని బ్యాంకులు అంగీకరించాలని రిజర్వు బ్యాంకు 2007లోనే చెప్పింది. సంరక్షకుడు ఆరు నెలల్లోగా బిడ్డ ఆస్తుల జాబితా, ఆ తర్వాత ఏటా లెక్కలు ఇవ్వాలి, దుర్వినియోగం చేస్తే తొలగించే అధికారం కూడా చట్టంలో ఉంది. తన నిర్ణయాలు కొంతవరకు తానే తీసుకోగల బిడ్డకు 2016 చట్టం చెప్పే పరిమిత సంరక్షకత్వం తగినది. అందులో సంరక్షకుడూ బిడ్డా కలిసి నిర్ణయిస్తారు.

ఆస్తిని నేరుగా బిడ్డ పేరున పెట్టడం ప్రేమతో చేసే పనే కానీ, దాన్ని తర్వాత అద్దెకివ్వాలన్నా అమ్మాలన్నా బిడ్డ ఒప్పందం చేసుకోలేడు కాబట్టి అది గొళ్లెం పడిన గదిలా ఉండిపోతుంది. అలాగని ఆస్తిలో పేరే లేకుండా చేయనక్కర్లేదు: హిందూ వారసత్వ చట్టంలో వైకల్యం కారణంగా ఎవరికీ వాటా పోదు. మధ్యేమార్గం 1882 నాటి ట్రస్టుల చట్టం కింద ప్రైవేటు ట్రస్టు. బ్రతికుండగా రిజిస్టరు చేయించవచ్చు, లేదా వీలునామా ద్వారా తమ తర్వాత ఏర్పడేలా రాయవచ్చు. తోబుట్టువు ఒకరు, కుటుంబానికి బయటి వ్యక్తి ఒకరు ధర్మకర్తలుగా ఉండి, డబ్బును సంస్థకో సంరక్షకుడికో నెల నెలా చెల్లిస్తారు. డబ్బు పట్టుకునే చేయి, అన్నం పెట్టే చేయి ఒకరిదే కాకుండా చూడటం దీని అసలు ప్రయోజనం. ఆస్తి కొద్దిగానే ఉన్నవారికి ట్రస్టు ఖర్చు దండగ. స్పష్టమైన వీలునామా, సంరక్షక ధ్రువపత్రం చాలు. నామినీగా పేరు రాసినంత మాత్రాన వారసత్వం తేలిపోదని కూడా గుర్తుంచుకోవాలి.

ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదారులు ట్రస్టు కన్నా ముందు ఫ్యామిలీ పింఛను సంగతి చూసుకోవాలి. సంపాదించుకోలేని వైకల్యం ఉన్న సంతానానికి అది జీవితకాలం వస్తుంది, కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు తాము ఉండగానే బిడ్డ పేరు నమోదు చేయించవచ్చు. ప్రైవేటు ఉద్యోగుల పీఎఫ్ పింఛను పథకంలో కూడా పూర్తి శాశ్వత వైకల్యం ఉన్న బిడ్డకు వయసుతో నిమిత్తం లేని పింఛను ఉంది. తండ్రి పోయాక ధ్రువపత్రాల కోసం తిరిగే కుటుంబాలకు ఈ డబ్బు ఆలస్యంగా వస్తుంది.

## పరీక్షించి చూడటం

ఏ దారి ఎంచుకున్నా ఒక్కసారిగా మార్చవద్దు. మొదట ఒక పగలు, తర్వాత ఒక రాత్రి, ఆపైన వారం, ఆ తర్వాత నెల. మొదటి రోజుల్లో ఏడవడం, తిండి తగ్గడం సహజమే. అది చూసి వెంటనే వెనక్కి తెచ్చుకుంటే బిడ్డకు ఏడిస్తే ఇంటికి వెళ్లవచ్చని మాత్రమే తెలుస్తుంది. మూడు నాలుగు వారాల తర్వాత కూడా బరువు పడిపోతూ ఉంటే, నిద్ర చెడితే, ఒంటి మీద ఎలా తగిలాయో తెలియని దెబ్బలు కనబడితే, ఒక మనిషిని చూసి ముడుచుకుపోతుంటే ఆ చోటు సరైంది కాదు. వెళ్లేటప్పుడు బిడ్డతోపాటు ఒక నోటు పుస్తకం ఇవ్వండి: మందులు, మోతాదులు, ఫిట్స్ వచ్చే ముందు కనబడే గుర్తులు, భయపెట్టే శబ్దాలు, దాహం వేస్తే చేసే సైగ, అన్నంలో ముందు ఏది కలపాలి, నిద్రకు ముందు ఏం కావాలి. దాన్ని ఏడాదికోసారి తల్లే కూర్చుని తిరగరాయాలి. ఒక ప్రతి ధర్మకర్త దగ్గర, ఒకటి సంరక్షకుడి దగ్గర, ఒకటి బిడ్డ ఉండే చోట ఉండాలి.